మూడు దినాలు పండుకొమ్మంటే

ఊరంతా కూడి చూస్తుండగా ఒక మనిషి తన పరువును ఎంత శ్రద్ధగా మట్టిలో కలుపుకోగలడో మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నేను చెబుతాను. ఆనాడు చూసిన గద్వాల జనం ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నారు. వాళ్ళ నోట మీరు వినేకంటే నా నోట వింటే నాకు కొంచెం మేలు.

అప్పటికి నాకు పద్దెనిమిదేండ్లు. పగలంతా మా నాయిన పక్కన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని చీరలు నేసేవాణ్ణి. పొద్దున్నే, వాడలో మగ్గాల చప్పుడు మొదలుకాక ముందే, ఖాసిం సాబ్ తాలింఖానాకు పోయి కుస్తీ నేర్చుకునేవాణ్ణి. తాలింఖానా అంటే దివాణం అనుకోకండి. నాలుగు మట్టిగోడలు, పైన రేకులు, నడుమ ఎర్రమట్టి గుంత. ఆ మట్టిలో నూనె, పసుపు కలిపి, గడ్డ అన్నది లేకుండా జల్లించి, మా ఇంట్లో రొట్టెల పిండికి కూడా దక్కని మర్యాద చేసేవాడు ఉస్తాద్. శుక్రవారం మాత్రం గుంతలోకి ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు. "మట్టికి గూడ ఆరామ్ గావాలె బేటా. మన పెయ్యి ఎంత?" అనేవాడు.

నాకేమో ఆరామ్ అంటే వణుకు. ఆర్నెల్లు చెమటోడిస్తే నా దండచేతి మీద నిమ్మకాయంత కండ లేచింది. పెళ్ళికి పొరుగింటి నుంచి అడిగి తెచ్చుకున్న నగలాగా, అది ఎప్పుడు పోతుందోనని కాపలా కాసేవాణ్ణి. శుక్రవారం వచ్చిందంటే ఒక నూలుపోగు తీసుకుని పొద్దున ఒకసారి, పగటేళ ఒకసారి కొలిచేవాణ్ణి. ఒక శుక్రవారం పగటేళకు వేలెడు తగ్గింది. ఆ పూట అన్నం దిగలేదు. పొద్దున కుడిచేయి, పగటేళ ఎడమచేయి కొలిచానని సాయంత్రానికి గాని తెలియలేదు. తెలిశాక భయం పోయిందా అంటే పోలేదు. ఎడమచేయి వెనుకబడిందన్న కొత్త భయం వచ్చి చేరింది.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నారు పెద్దలు. కొండలకే దిక్కులేనప్పుడు నా నిమ్మకాయ ఎంత? అందుకని, శుక్రవారం సెలవు తాలింఖానాకు గాని నాకు కాదనుకుని ఇంటి వెనుక రెండువందల బస్కీలు తీసేవాణ్ణి. అమావాస్య నాడు మా మగ్గాలకు సెలవు. అది మగ్గానికి గాని నాకు కాదనుకుని మరో రెండువందలు. రెండు సెలవులుండీ ఒక్కటీ లేకుండా చేసుకున్న తెలివి నాది.

ఇట్లా ఉండగా జాతర కుస్తీలు వచ్చాయి. నాకు జోడు అమరచింత బాలప్ప అని తేల్చారు. ఆ మాట చెబితే మా నాయిన మగ్గంలో నాడె ఆపకుండానే తీర్పు చెప్పాడు.

"సూడు నర్సిమ్ములూ. నీ ఈపుకు మట్టంటిందో, తెల్లారి నుంచి తాలిం బంద్. పొద్దుమూకేదాంక మగ్గంల కూసోవాలె."

"అంటకపోతే?"

"అంటకపోతే నీ ఇష్టం. నేనేం అడ్డం రాను."

కుస్తీలో వీపు నేలకు తగిలితే ఓటమి, అంతే లెక్క. నాకు ఆ గుంతలో గడిపే గంట ఒక్కటే లోకం. మిగతా దినమంతా ఇంకో గుంతలో నడుము దాకా ఉండేవాణ్ణి కదా.

కుస్తీ సోమవారం. గురువారం కసరత్తు కాగానే ఉస్తాద్ నా భుజం తట్టాడు.

"ఇగ మూడు దినాలు ఏం చెయ్యకు. తిను, పండుకో."

"మూడు దినాలా ఉస్తాద్? ఒక్క పూట సాలదా?"

"కండ గుంతల పెరగది బేటా. మంచంల పెరుగుతది."

"మా బావ మంచమే దిగడు ఉస్తాద్. మరి ఆయనకేం పెరగలే."

"మీ బావ గుంతకు రాలె. రెండూ గావాలె. నాకు నీ సంగతి తెల్సు. దండీలు, బస్కీలు తియ్యనని కసం తిను."

నేను ఒట్టు వేశాను. దండీలు, బస్కీలు. ఆ రెండు మాటలే. మూడోది ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

శుక్రవారం పొద్దున మంచం మీద పడుకున్నాను. పడుకున్న కాసేపటికే అమరచింతలో బాలప్ప దండీలు తీస్తున్న చప్పుడు నాకు వినబడసాగింది. నడుమ కృష్ణానది ఉందన్న సంగతి నా చెవులకు తెలియదు. దుప్పటి కప్పుకున్నాను, ఇంకా గట్టిగా వినబడింది. లేచి బయటికి వస్తే పక్కింటి సాయమ్మవ్వ బావి దగ్గర చేదతో తంటాలు పడుతోంది. నా ఒట్టు దండీలకు, బస్కీలకు గదా, చేదకు కాదు గదా. ఆమె కాగు, ఆమె తొట్టి, ఆమె బర్రె కుడితిగోలెం నింపాను. నింపేసరికి మనసు గుడిగంట కొట్టినంత హాయిగా ఉంది.

"నీ కడుపు సల్లగుండ బిడ్డా," అంది సాయమ్మవ్వ. "జర ఆ కట్టెలు గూడ కొట్టిపెడ్తవా?"

కొట్టాను. ఈ వార్త వాడకు చేరడానికి తపాలా అవసరం లేకపోయింది. శనివారం పొద్దున్నే మా గడపలో నలుగురు నిలబడ్డారు. ఒకరికి గడ్డిమోపులు మొయ్యాలి, ఒకరికి గోడకు మట్టి తొక్కాలి. "ఏం పోరడు, అడిగితే లేదనడు" అని నా ముందే నన్ను పొగిడారు. పొగడ్త వింటే గాడిద కూడా ఇంకో మూట మోస్తుంది. ఆదివారం దిగబడిన బండిని ఎద్దులకు సాయంగా నేనూ లాగాను. ఎద్దులు నడుమ ఆగి ఊపిరి తీసుకున్నాయి. వాటికి ఉస్తాద్ లేకున్నా బుద్ధి ఉంది.

సోమవారం తెల్లవారి సాయమ్మవ్వ మళ్ళీ పిలిచింది.

"పండుగ పూట సుట్టాలొస్తుండ్రు బిడ్డా. గీ ఐదు సేర్లు జొన్నలు ఇసిరి పెట్టి పోరాదు."

ఇసుర్రాయి తిప్పితే భుజాలకు మంచిదని నాకు నేనే చెప్పుకుని కూర్చున్నాను. లేచేసరికి భుజాలు ఎక్కడున్నాయో తడుముకోవాల్సి వచ్చింది.

పగటేళకు గుంత చుట్టూ జనం. మా నాయిన ముందు వరుసలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బాలప్ప దిగాడు. గోడకు కాళ్ళొచ్చి నడిచినట్టున్నాడు. చేయి కలిపాం, మట్టి చల్లుకున్నాం, పట్టుకున్నాం. పట్టుకున్నానని నేననుకున్నాను. నా చేతులు అప్పటికే నా మాట వినడం మానేసి ఏ ఇసుర్రాయి దగ్గరో ఉండిపోయాయి. బాలప్ప నా కాలు లాగాడు. నేను బోర్లా పడ్డాను.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. ఆ మట్టి చల్లగా ఉంది. మెత్తగా ఉంది. పసుపు వాసన వేస్తోంది. ఉస్తాద్ మూడు దినాలు పండుకొమ్మన్నది ఎట్లాంటి పండుకోవడమో నాకు ఆ క్షణంలో పూర్తిగా అర్థమైంది. కండ్లు మూశాను.

ఇటుపైన జరిగింది నేను విన్నదే గాని చూసింది కాదు.

బాలప్ప నన్ను వెల్లకిలా తిప్పాలని చూశాడట. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. నిద్రపోయేవాడు మొండివాడికంటే బలవంతుడు. చేయి పట్టి లేపితే చేయి ఒక్కటే లేచిందట, కాలు పట్టి తిప్పితే కాలు ఒక్కటే తిరిగిందట. తడిసిన పత్తిబస్తాలాగా మనిషి మాత్రం ఉన్నచోటే ఉన్నాడట.

"ఏం పట్టుర బై. బండ లెక్క అంటుకుండు."

"కండ్లు మూసిండు సూడు. దేవుణ్ణి తలుస్తుండు," అనుకున్నారట జనం.

బాలప్ప ఒకసారి నా పక్కన కూర్చుని ఆలోచించాడట కూడా. చివరికి తీర్పు చెప్పే పటేలు గడువైందని చెయ్యెత్తితే డప్పులు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో నా గురక లేచింది.

ఉస్తాద్ గుంతలోకి దూకి నా ముఖం దగ్గర చెవి పెట్టాడు. జనంలోంచి సాయమ్మవ్వ గొంతు వచ్చింది. "లేపకు సాయబూ. పాపం, పొద్దుగాల్నే ఐదు సేర్లు ఇసిరిండు."

"నిన్న మా బండి లాగిండు," అన్నాడొకడు.

"మొన్న మా గోడకు మట్టి తొక్కిండు."

ఒక్కొక్కరు సాక్ష్యం చెబుతుంటే ఉస్తాద్ రెండు చేతులతో తల పట్టుకుని గుంత గట్టు మీద కూర్చున్నాడు.

పటేలు మాత్రం పద్ధతి తప్పలేదు. "ఈపుకు మట్టంటలే. ఇద్దరు బరాబర్."

చెమటతో తడిసి ముద్దయిన బాలప్ప నన్ను కుదిపి లేపాడు. "అన్నా, గా పట్టు పేరేందే? మా ఉస్తాద్ నేర్పలే."

"ఇంకెన్ని జొన్నలున్నయవ్వా?" అన్నాను నేను.

మా నాయిన వచ్చి నన్ను వెనక్కి తిప్పి, చీరలో పోగు తప్పిందేమోనని చూసినట్టు వీపంతా చూశాడు. "అంటలే. మాట మాటే. తాలింకు పో," అన్నాడు. రెండడుగులు పోయి ఆగాడు. "ఇంట్ల ఎవ్వల్ని నిద్ర పోనియ్యని గురక. బయట గింత పనికొస్తదనుకోలే."

"ఎక్కడ పోయేది?" అన్నాడు ఉస్తాద్. "పదిహేను దినాలు గుంతల కాలు పెట్టనియ్య. నా తాలిం గడపల మంచమేసుకొని పండుకోవాలె. నేను నా కండ్లతోని జూడాలె."

చూశాడు. వచ్చేపోయే పహిల్వాన్లందరూ కూడా చూశారు. "ఏం పహిల్వాన్, కసరత్ అయిందా?" అని అడిగేవాళ్ళు. "ఇంకా ఎడమ పక్క మిగిలింది" అని తిరిగి పడుకునేవాణ్ణి. పదహారో నాడు గుంతలో దిగితే, ఆర్నెల్లుగా నన్ను దినమూ పడగొడుతున్న పెద్ద శిష్యుడు నా కింద వెల్లకిలా ఉన్నాడు. ఆయనకంటే నేనే ఎక్కువ బెదిరిపోయాను. నూలుపోగుతో కొలవడం ఆనాటితో మానేశాను.

ఇక మరుసటి ఏడు జాతరకు అమరచింత నుంచి నలుగురు పహిల్వాన్లు వచ్చారు. బాలప్ప ఊరికి పోయి ఏం చెప్పాడో ఏమో, నలుగురూ దిగీదిగగానే బోర్లా పడుకుని కండ్లు మూసుకున్నారు. పాపం, ఒక్కడికీ నిద్ర రాలేదు. నలుగురి వీపులకూ మట్టి అంటడానికి ఆకువక్క నమిలినంత సేపు కూడా పట్టలేదు.

కనుక, విన్న మీరందరూ సాక్షులుగా, స్నానం చేసి, తూర్పు ముఖంగా కూర్చుని ప్రమాణం చేస్తున్నాను. పండుకొమ్మన్న దినం పండుకుంటాను. కుస్తీ పట్టమన్న దినం కుస్తీ పడతాను. ఈ రెండింటినీ ఈ జన్మలో మళ్ళీ తారుమారు చేయను.