చింతపండుతో తోమిన రివాల్వర్

నలభై ఏళ్లుగా ఒక పాపం మోస్తున్నాను. కంచంలో చింతపండు పులుసు పడితే చాలు, ముద్ద దిగదు. ఇంట్లోవాళ్లు పైత్యం అనుకుంటారు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల్లో పంజాగుట్టలో ఒక పాత వస్తువుల దుకాణంలో గుమాస్తాగా ఉండేవాణ్ని. పక్క మెట్ల కింద యూసుఫ్ భాయ్ అద్దె మిషను మీద బట్టలు కుట్టేవాడు. రంజాన్‌కు వాళ్లింటి షీర్ ఖుర్మా, ఆ సేమ్యా పాయసం, ముందు మా ఇంటికే వచ్చేది. ఆయన దగ్గర తాతగారి రివాల్వర్ ఒకటుండేది, పందొమ్మిదో శతాబ్దపుది. దానికి పట్టే తూటాలు చేయడం ఎప్పుడో మానేశారు. సేకరించేవాళ్లు దాచుకోవడానికే అది. దాన్ని అమ్మి అమీర్‌పేటలో సొంత దుకాణం పెట్టాలని ఆయన ఆశ.

కొనేవాణ్ని నేనే చూపించాను. బేరం మాత్రం మా దుకాణం ద్వారా జరగాలన్నాను. "తాత సామాను అన్నా, నా చేతులతోనే ఇస్త" అన్నాడు. అందులో తప్పేముంది? నాకు ఒళ్లు మండింది. రేపు ఇతను యజమాని అవుతాడు, నేను మాత్రం ఒకరి సామాన్ల దుమ్ము దులుపుతూనే ఉంటాను. కుళ్లు, ఇంకేం లేదు.

కొనేవాడు వచ్చే ముందురోజు ఆయనే వచ్చి అడిగాడు.

"గిదంత నల్లగున్నది అన్నా. జర మంచిగ కనవడాలంటే ఏం జెయ్యాలె?"

"చింతపండు పెట్టి తోమండి భాయ్. దసరాకి మా ఇంట్లో సామానంతా అలాగే తోముతాం."

అది ఇత్తడికి చెప్పే మాట. పాత తుపాకీకి ఆ నలుపే విలువని, పులుపు తగిలితే అది పోతుందని మా యజమాని నాకు అన్నిటికన్నా ముందు నేర్పాడు. తెలిసే చెప్పాను.

మర్నాడు మెట్ల కింద, కొనేవాడి ముందు, ఆయన రివాల్వర్ చుట్టిన గుడ్డ విప్పాడు. కొత్త గరిటెలా మెరుస్తోంది. కొనేవాడు ఒక్కసారి చూసి, పాతదనమంతా పోయిందని చెప్పి లేచాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. భాయ్ నావైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను.

"తప్పు నాదే అన్నా. ఎక్కువ తోమిన" అన్నాడు.

చివరిదాకా ఆ మెట్ల కిందే కుట్టాడు. నా చొక్కాలూ కుట్టాడు, సిగ్గులేకుండా తొడుక్కున్నాను. చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నాను? నిజానికి ఒక్కసారీ అనుకోలేదు, ఆయన పోయేదాకా. ఇప్పుడు క్షమించేవాడు లేడు, ఉన్నా అడిగే మొహం నాకు లేదు. ఒక్క మాట మాత్రం బయటికి అనాలి.

భాయ్, మీరు ఎక్కువ తోమలేదు. నేను చెప్పినట్టే తోమారు.