రంగులు బాగున్న యాప్

మాట్లాడాలని ఫోన్‌లో తడుముకుంటున్న మనిషి మౌనంగా ప్రార్థిస్తోందనుకుని, ఈ ఉదయం నేనే ఆమేన్ అని ప్రార్థన ముగించేశాను.

ఇర్వింగ్ ఊళ్లో మా తెలుగు క్రైస్తవ సంఘం శనివారం ప్రార్థన ఫోన్‌లోనే జరుగుతుంది, నడిపేది నేను. పాట అయ్యాక ఒక్కొక్కరూ మైక్ ఆన్ చేసి, దేవుడు తమకు చేసిన మేలును సాక్ష్యంగా చెబుతారు. ఇవాళ వంతు మేమంతా అక్కా అని పిలుచుకునే ఆవిడది. ఆమెకు చూపు లేదు. చాలాకాలం ఖాళీగా ఉన్నాక ఉద్యోగం వచ్చింది. ఆ సంగతి తన నోటితోనే అందరికీ చెప్పాలని వారమంతా ఆగింది.

నేనేమో మొన్ననే గ్రూపును కొత్త యాప్‌లోకి మార్చాను. రంగులు బాగున్నాయని మార్చాను. ఆమెను అడగలేదు. అడగాలని తట్టనే లేదు.

ఆమె పేరు పిలిచాను. నిశ్శబ్దం. కన్నీళ్లతో మాట పెగలక ఆగిపోవడం మా ప్రార్థనల్లో మామూలే. అందరం భక్తిగా కళ్లు మూసుకున్నాం. కాసేపు చూసి నేను ముగించాను.

మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. "తమ్ముడూ, వచ్చేవారం నుంచి నేను రానులే."

వెంటనే కారు తీశాను.

తలుపు తీస్తూనే అంది, "రంగులు బాగున్నాయన్నావటగా! ఏవేం రంగులో చెప్పు, వింటాను."

"తప్పయింది అక్కా."

"ముందు ఇది విను." తెర మీదున్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆమె వేలు కదిలినచోటల్లా ఒకటే మాట అంది: "బటన్. బటన్. బటన్."

"మైక్ ఏదో, బయటికి గెంటేది ఏదో? ఒకటి నొక్కితే గెంటేసింది. తిరిగొచ్చేసరికి నీ ఆమేన్ వినపడింది."

వేరే యాప్‌లు వెతుకుదామన్నాను. తను హాల్లో కూర్చుని, నన్ను వంటగదిలో నిలబెట్టి, ఒక్కోదాంట్లో తనతో ఫోన్‌లో మాట్లాడమంది. వంటగట్టు మీదుగా ఆమెనే చూస్తున్నాను. స్క్రీన్ రీడర్ పోపులో ఆవాల్లా చిటపటలాడుతోంది, నాకు ఒక్క ముక్క అందలేదు. ఆమె ఆ గొంతునూ నా మాటనూ ఒకేసారి వింటూ, రెండింటికీ బదులిస్తోంది. మధ్యలో, "ఆ కుళాయి సరిగా కట్టు, కారుతోంది," అంది. కుళాయి పక్కనే ఉన్న నాకు ఆ చప్పుడు వినపడలేదు. ఇన్నేళ్లుగా ఈమె కోసం ప్రార్థించింది జాలితోనా అని సిగ్గేసింది.

ఒకటి మైక్ ఆన్ అయిందో లేదో చెప్పదని తీసేసింది. ఇంకొకటి ఎవరొచ్చినా ప్రార్థన మధ్యలో అరుస్తుందని వద్దంది. చివరికి ప్రతి బటన్‌కీ పేరున్నదాన్ని ఎంచుకుంది. చూడ్డానికి వెలిసిపోయినట్టుంది.

"రంగులెలా ఉన్నాయి?"

"ఘోరంగా ఉన్నాయక్కా."

"అయితే ఇదే," అని నవ్వింది.

ఉదయం జరిగింది మౌన ప్రార్థన కాదనీ, తప్పు నాదనీ గ్రూపులో రాశాను. కొత్త యాప్ వేసుకోవడం రాని పెద్దవాళ్లకు ఫోన్ చేసి, ఒక్కోటీ చెబుతూ ఎక్కించాను. పొద్దుగూకకముందే అందరం మళ్లీ కూడాం. ఆమె సాక్ష్యం చెప్పింది, చాలాసేపు చెప్పింది. నేను మైక్ ఆఫ్ చేసుకుని విన్నాను. ఆమేన్ ఆమే అంది.