ఇఖామాలో కుక్, ఊపిరితిత్తుల్లో ఇసుక

గల్ఫ్ యుద్ధం రోజుల్లో రియాద్‌లో సైరన్ మోగితే మా సులై లేబర్ క్యాంపులో అందరూ గదుల్లోకి ఉరికేవారు. ఒకరోజు నేను సగం దారిలోనే కూలబడ్డాను. కాళ్లు బాగానే ఉన్నాయి, ఊపిరే అందలేదు. బాంబులకు జడిశాడని ఫోర్‌మన్ నవ్వాడు. వాడు మాత్రం అందరికంటే ముందే మంచం కింద దూరేవాడు.

యుద్ధం ముగిసింది, దగ్గు పోలేదు. కంపెనీ డాక్టరు నా ఛాతీ చూడలేదు, ఇఖామా చూశాడు. ఆ పర్మిట్‌లో నా వృత్తి కుక్ అని ఉంది. పొయ్యి పొగ వల్లే అని తేల్చి పెనడాల్ ఇచ్చాడు. విరిగిన వేలికీ అదే ఇచ్చే మహానుభావుడు!

దగ్గులో రక్తం పడ్డాక పెద్దాసుపత్రికి పంపారు. ఎక్స్‌రే చూసి టీబీ అనుమానమన్నారు. మందులు మింగించారు. కఫం టెస్ట్ రెండుసార్లూ నెగెటివ్ వచ్చింది, ఆయాసం మాత్రం పెరిగింది.

చివరికి ఆ ఆసుపత్రిలోనే కడప డాక్టరు ఒకాయన చూశారు. "ఏం పని చేస్తావప్పా?" అని తెలుగులో అడిగారు.

"వంట చేస్త సార్."

చెక్‌పోస్టుల్లో పోలీసులకు ఏళ్లపాటు చెప్పిన జవాబు. తెలుగులో అడిగినా నోటికి అదే వచ్చింది.

"వంటోని ఊపిరితిత్తుల్లోకి ఇసుకెట్లొచ్చిందప్పా? నిజం చెప్పు."

చెప్పాను. ఖమీస్ ముషైత్‌లో బండలు కోశాను. గాలి గొట్టంతో ఇసుక కొట్టి ఆయిల్ ట్యాంకుల తుప్పు వదిలించాను. రియాద్‌లో ఏసీ డక్టులు తుడిచాను, సిమెంటు మోశాను. వంటా? నేను వండిన పప్పు కుక్క కూడా ముట్టదు. నీళ్లు పోసి కోశావా, ముక్కుకు ఏం కట్టావు అని ఆయన ఒక్కొక్కటే అడిగారు. నా బతుకును అంత వరుసగా ఎవరికీ చెప్పలేదు. కథలు రాయడం నాకు అక్కడే పట్టుబడింది.

"సిలికోసిస్, ఇసుక దుమ్ము రోగం. పోయిన ఊపిరి తిరిగి రాదప్పా, ఉన్నది కాపాడుకుందాం" అన్నారు. కుక్‌కు దుమ్ము రోగమేంటని, నాకు వీసా ఇచ్చిన కఫీల్ ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపాడు. ఆ పర్మిట్‌లో కుక్ అని రాయించింది వాడే. థూ!

ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నాను. జేబులో ఇన్‌హేలర్ ఉంటుంది, మెట్ల మీద ఆగి ఆగి ఎక్కుతాను. రెండు కథల పుస్తకాలు వచ్చాయి. నా కల్పనాశక్తి అద్భుతమని సభలో ఒక ప్రొఫెసరు మెచ్చుకున్నాడు. పాపం, సుద్దముక్క దుమ్ము తప్ప ఏదీ అంటని మనిషి. కల్పన నా ఇఖామాలో ఉండేది సార్ అని చెప్పి కూర్చున్నాను.

గల్ఫ్‌లో పనిచేసిన అన్నలారా, డాక్టరు అడిగితే వీసాలో రాసిన పని చెప్పకండి. చేసిన పనులన్నీ మొదటి నుంచి చెప్పండి. నాతో కలిసి ట్యాంకులకు ఇసుక కొట్టిన మల్లయ్య, ఇఖామాలో ఉన్నట్టే, చివరిదాకా తోటమాలినేనన్నాడు. టీబీ మందు మింగుతూనే పోయాడు.