వెనక్కి రాని ర్యామ్

ఈ రోజు గల్ఫ్‌లో, ఫింటాస్‌లోని మా కంప్యూటర్ షాపుకి రమణ వచ్చాడు. రాయచోటి కుర్రాడు, ఇక్కడ ఓ ఇంట్లో డ్రైవరు. ఎల్లుండి సెలవు మీద ఊరెళ్తున్నాడు, చెల్లెలి కంప్యూటర్‌కి ర్యామ్ కావాలన్నాడు. షెల్ఫులో రెండు కంపెనీలవి ఉన్నాయి. డబ్బా మీద ‘లైఫ్‌టైమ్ వారంటీ’ అని బంగారు రంగులో మెరుస్తున్నదాన్ని పట్టుకుని వదల్లేదు. మా రిటర్న్స్ డ్రాయర్ నిండా ఉన్నవి ఆ కంపెనీవే. మూడేళ్ళ వారంటీయే ఉన్న రెండో కంపెనీది మాత్రం ఇంతవరకూ ఒక్కటీ వెనక్కి రాలేదు.

“అది పోతే మార్చుకోడానికి రాయచోటి నుంచి ఫింటాస్ వస్తావేంటి తమ్ముడూ? ఇది పట్టుకెళ్ళు” అన్నాను.

“చెడిపోతాదని తెలిసి గూడా అంగట్లో ఎందుకు పెట్టినావన్నా?” అన్నాడు.

అతను రెండోది కొనుక్కుని వెళ్ళాక, ఆ బంగారు రంగు డబ్బాలన్నీ దించి, అట్టపెట్టెలో వేసి టేపు కొట్టేశాను. షాపు నడిపే మా ముదీర్ రేపు ఖాళీ షెల్ఫు చూసి అరుస్తాడు. అరవనీ. రమణ నన్ను అడిగిందే నేను ఆయన్ని అడుగుతాను. ఆ పెట్టె మాత్రం విప్పను.

మీ కంప్యూటర్లో ఏ ర్యామ్ నిలబడిందో కింద రాయండి. వారంటీ ఎన్నేళ్ళో రాయనక్కర్లేదు.