కోడూరు రోడ్డులో రెండు మెట్ల ఇల్లు

పాత ఇల్లు కొనే ముందు ఇంజినీరుతో పరీక్ష చేయిస్తానని నేను అన్న రోజు నుంచి మా వాళ్ళలో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. గుడివాడలో ఉండే మా చెల్లెలి భర్త, వాస్తు చూపించాక ఇంకా ఇంజినీరెందుకు వదినా, డబ్బులు ఎక్కువయ్యాయా అన్నాడు. చెల్లెలేమో, అమ్మేవాడు ఏమనుకుంటాడో ఏమో, మర్యాదగా ఉండదు అంది. నేను ముప్ఫై నాలుగేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా పనిచేశాను. ఎక్స్‌రే చూడకుండా ఏ డాక్టరూ కత్తి పట్టుకోవడం ఎరగను. ఇద్దరి రిటైర్మెంటు డబ్బూ కలిపి ఒకే ఒక్క ఇల్లు కొనబోతున్నాం. అది తేడా వస్తే రెండోది కొనే వయసూ లేదు, డబ్బూ లేదు. ఈ మాట అందరికీ కనీసం పదిసార్లు చెప్పి ఉంటాను. నాకు మద్దతుగా మాట్లాడాల్సిన మావారు మాత్రం ఆ ఇంటి వరండా స్తంభాల బొమ్మ గీసుకుంటూ కూర్చున్నారు. ఆయన డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యారు. ఆయనకి ఇల్లంటే స్తంభాలు.

మా కథ చిన్నదే. హైదరాబాదులో ఫ్లాటు అమ్మేసి మళ్ళీ కృష్ణా జిల్లాకి వచ్చేద్దామనుకున్నాం. రెండేళ్ళ క్రితం మావారి కుడి మోకాలికి ఆపరేషనైంది. అందుకని ఇళ్ళ ఫోటోలు వచ్చినప్పుడల్లా నేను మొదట చూసేది మెట్లు. నాలుగు ఇళ్ళు ఆ లెక్కలోనే తీసేశాను. చల్లపల్లిలో ఒకటి అన్ని విధాలా బాగుంది కానీ గుమ్మం ముందు ఆరు మెట్లు. వద్దనేశాను. ఆ తర్వాత దివిసీమలో, అవనిగడ్డ దాటాక కోడూరు రోడ్డులో ఉన్న ఒక ఊరి నుంచి ఈ పెంకుటిల్లు ఫోటో వచ్చింది. రోడ్డు పక్కనే వరండా, రెండంటే రెండే మెట్లు. వేసవిలో ఒకసారి వెళ్ళి చూసి వచ్చాం కూడా. మావారు పట్టుకోకుండా ఎక్కేశారు. ఇదే మన ఇల్లని నేనే ముందు అన్నాను.

ఆదివారం ఆరాధన మానను కాబట్టి అక్టోబరు చివర ఒక శనివారం పెట్టుకున్నాం. ముందు రోజే గుడివాడ చేరి, పొద్దున్న ఆరూ నలభైకి మచిలీపట్నం బస్సెక్కాం. గంటా పావు ప్రయాణం. ఆంధ్రాలో ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా అని సంబరపడకండి, నా ఆధార్‌లో హైదరాబాదు అడ్రసు చూసి కండక్టరు నాకూ టికెట్టు కొట్టాడు. ఇంజినీరు రత్నకుమార్ గారిది బందరే. కాలవల శాఖలో పనిచేసి రిటైరై, ఇప్పుడు పాత ఇళ్ళు, గోడౌన్లు పరీక్ష చేసి కాగితం మీద రాసిస్తారు. ఫీజు అయిదు వేలు, పెట్రోలు ఖర్చు మనదే. ఎనిమిదిన్నరకల్లా గిలకలదిండి హార్బరుకి వచ్చేయండి, అక్కడొక ఐసు గది గోడ చూడాలి, అరగంటలో బయల్దేరదాం అన్నారు. బస్టాండు నుంచి ఆటోకి నూట ఇరవై ఇచ్చి ఎనిమిదీ ఇరవైకే దిగాం.

ఆయన అరగంట రెండు గంటలా పావు అయింది. ఆ ఐసు గది గోడని ఆయన చిన్న సుత్తితో కొడతారు, చెవి పెట్టి వింటారు, ఫోను వస్తే మాట్లాడతారు, మళ్ళీ మొదటి నుంచీ కొడతారు. నేను చేపల బుట్టల మధ్య చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని నిలబడి గడియారం చూసుకుంటున్నాను. సాయంత్రం నాలుగింటికి విజయవాడ పార్టీ ఒకటి వస్తోందని, ఆ లోపు మాట చెప్పకపోతే తన బాధ్యత లేదని ఇల్లు అమ్మే శేషగిరి గారు ముందు రోజే ఫోనులో అన్నారు. ఈ కంగారులో నేనుంటే మావారు వేలం దగ్గరికి వెళ్ళి రెండు కిలోల చందువాలు కొనుక్కొచ్చారు. రోజంతా కారులో తిరగాలి, ఇప్పుడు చేపలేమిటండీ అంటే, థర్మోకోలు పెట్టెలో ఐసు వేయించానుగా అన్నారు. అరవై రూపాయలు పెట్టెకి. ఏడవాలో నవ్వాలో తెలియలేదు, ఏడవడమే నయం అనిపించింది.

పదకొండు కావస్తుండగా రత్నకుమార్ గారి పాత కారులో కదిలాం. చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ, అక్కడ టీ తాగడానికి ఆయన కోరిక మీద పది నిమిషాలు, మొత్తం గంటన్నర. రోడ్డు చాలావరకు బాగుంది. పొలాల్లో వరి పొట్ట మీద ఉంది. రెండు రోజుల ముందే వాన పడి వెలిసింది, కాలవలు నిండుగా ఉన్నాయి. కారులో చేపల వాసన మొదలైంది. నేను అద్దం దించుకుని కూర్చున్నాను.

శేషగిరి గారికి చల్లపల్లిలో ధాన్యం వ్యాపారం. ఆ ఊళ్ళో ఆయన ఉండటం లేదు, పన్నెండేళ్ళ క్రితం ఎవరి దగ్గరో కొన్నారట. మనిషి మర్యాదస్తుడే కానీ కారులోంచి సుత్తీ, స్క్రూడ్రైవరూ, టార్చిలైటూ దిగడం చూసి మొహం మాడ్చుకున్నారు. ఇల్లు చూపించమంటే చూపించానుగానీ సోదా చేయమనలేదుగా అన్నారు. వాస్తు పర్ఫెక్టని, ఈశాన్యం చూసుకోమని రెండుసార్లు చెప్పారు. నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో ఏ మూల బరువు పెట్టకూడదో చెప్పేవాడికి అడిగినంత ఇచ్చి కాఫీ ఇస్తాం, ఆ ఇల్లు నిలబడుతుందో లేదో చెప్పేవాడిని మాత్రం గుమ్మం బయట నిలబెడతాం. ఇదేం మర్యాదో నాకు అర్థం కాదు.

పక్కింటి నాంచారమ్మ గారి దగ్గర తాళాలు ఉన్నాయి. డెబ్బై దాటిన మనిషి, ఊడ్చి తుడిచి ఇల్లు కనిపెట్టి ఉండేది ఆవిడే. మావారు చేపల పెట్టె తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టి, సగం మీరుంచుకుని సగం మాకు వండిపెట్టండి పిన్నిగారూ అన్నారు. ఆవిడ మూత తీసి, చందువాలు వేళ్ళతో నొక్కి చూసి, బాగున్నాయని తీర్పు చెప్పి లోపలికి తీసుకెళ్ళింది. ఆ రోజు మొత్తం మీద పరీక్షకి ఎదురు చెప్పకుండా నెగ్గింది ఆ చేపలొక్కటే.

రత్నకుమార్ గారు మాత్రం పని మొదలెట్టాక వేరే మనిషి. రెండు గంటలపాటు ఫోను ఎత్తలేదు. ప్రతి దూలం కొస స్క్రూడ్రైవరుతో పొడిచి చూశారు, ఎక్కడా చెద లేదు. నిచ్చెనేసుకుని పెంకుల కిందికి దూరారు. గోడలు సున్నపు కట్టుబడి, మోగించి చూస్తే గట్టిగా ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటి బాగుందని రాసుకుంటుంటే మావారు నా వైపు చూసి కళ్ళెగరేయడం. వరండా నుంచి హాలు ఒకే ఎత్తు. వంటగదిలోకి మాత్రం అడుగు లోతున ఒక మెట్టు దిగాలి, దానికి చెక్కతో వాలు చేయిద్దామని మావారు అప్పటికే ప్లాను గీసేశారు. వంటగది పెరటి గుమ్మానికి అడ్డంగా నాలుగు వేళ్ళ ఎత్తున సిమెంటు గట్టు ఉంది. ఇదెందుకని ఇంజినీరు అడిగితే పాములు రాకుండా అన్నారు శేషగిరి గారు. పల్లెటూరు కదా, నాకూ సబబుగానే తోచింది.

అప్పుడాయన కారులోంచి తాపీ మేస్త్రీలు వాడే పొడవాటి పైపు చుట్ట తెచ్చారు. అద్దంలా కనబడే ప్లాస్టిక్ పైపు, నిండా నీళ్ళు. రెండు కొసలూ ఎంత దూరంలో ఉన్నా నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి కాబట్టి కంటికి తెలియని ఎత్తుపల్లాలు అది చెప్పేస్తుంది. ఒక కొస పట్టుకుని మావారు రోడ్డు మీద, రెండో కొస పట్టుకుని నేను వంటగదిలో, ఇల్లంతా ఆ పైపు. కదలకండి, పైకెత్తండి, కొంచెం దించండి అంటూ పావుగంట నిలబెట్టారు. చేయి లాగేస్తోంది. మూడు దాటింది. శేషగిరి గారు విజయవాడ పార్టీ బయల్దేరిందని ఎవరో ఫోను చేశారని చెప్తూనే ఉన్నారు. చివరికి నీళ్ళ మట్టం నుంచి నేల దాకా టేపుతో కొలిచారు. రోడ్డు దగ్గర ముప్ఫై అంగుళాలు, వంటగదిలో ముప్ఫై మూడు.

అంటే వంటగది రోడ్డు కన్నా మూడంగుళాలు కింద ఉంది. ఇంజినీరు పెరటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, ఆ పాముల గట్టుకి టేపు ఆనించారు. మూడంగుళాలు. అది కట్టింది పాములకి కాదు, రోడ్డు మట్టానికి నిలిచే వాననీళ్ళకి.

తర్వాత వీధిలోకి వచ్చి మెట్ల ముందు నిలబడి, మొదట్లో ఈ ఇంటికి ఎన్ని మెట్లుండేవని శేషగిరి గారిని అడిగారు. నేను కొన్నప్పుడు మూడనుకుంటానండీ, ఒకటి రోడ్డు వేసినప్పుడు పోయింది అన్నారాయన. సరిగ్గా అప్పుడే నాంచారమ్మ గారు, భోజనానికి రమ్మని చెప్పడానికి కాబోలు, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇంజినీరు అదే ప్రశ్న ఆవిణ్ణి అడిగారు.

"నేను కాపురానికొచ్చేసరికి అయిదు మెట్లు బాబూ. మూడో మెట్టు మీద కూచుని మల్లెపూలు కట్టేవాళ్ళం. రోడ్డేసినప్పుడల్లా ఒకటి లోపలికి పోయింది" అంది.

ఈ మాట మాకు వేసవిలోనే చెప్పకపోయారా అని నేను అడిగాను. నా గొంతులో ఉన్న విసుగు ఆవిడకి తెలిసే ఉంటుంది.

"మీరు అడిగారా అమ్మా? ఎన్ని మెట్లున్నాయో లెక్కెట్టుకుని వెళ్ళిపోయారు" అంది ఆవిడ.

పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు వేస్తూ పోయారు. ఇల్లు నిలబడ్డ చోటే ఉంది, ఊరు దాని చుట్టూ పైకి లేచింది. వచ్చే ఏడాది ఇంకోసారి వేస్తారని అంటున్నారట. నేను నమ్మలేక, చూపించండి అన్నాను. మెట్లకీ గోడకీ మధ్య సిమెంటు పడని జానెడు సందులో నాంచారమ్మ గారి గునపంతో రత్నకుమార్ గారే తవ్వారు. అర అడుగు లోతులో పాత మెట్టు ఎర్ర గచ్చు అంచు తేలింది. చేత్తో మట్టి తుడిచాను. ఇన్నాళ్ళు మట్టిలో ఉన్నా నున్నగా ఉంది, అంచు కొంచెం అరిగి ఉంది. ఎవరో ముచ్చటపడి కట్టించుకున్న ఇల్లు. నాకు చాలా బాధేసింది. కోపం ఎవరి మీద చూపించాలో కూడా తెలియలేదు. శేషగిరి గారు, రోడ్డు పెరిగితే నేనేం చేస్తానండీ అన్నారు. నిజమే, ఆయనేం చేస్తారు?

"ఇల్లు బంగారం అమ్మా. కానీ నీళ్ళు రోడ్డు మీంచి ఇంట్లోకే వస్తాయి. దీన్ని జాకీలు పెట్టి లేపమని నేను చెప్పను, సున్నపు గోడలు తట్టుకోవు. మీ ఇష్టం" అన్నారు ఇంజినీరు.

వద్దని శేషగిరి గారికి నేనే చెప్పాను. నాంచారమ్మ గారింట్లో చందువాల పులుసుతో అన్నం తిన్నాం. అంత మంచి పులుసు ఈ మధ్య తినలేదు, కానీ మావారు రెండు ముద్దలతో లేచారు. నాలుగున్నర దాటాక బయల్దేరి, అయిదున్నరకి చల్లపల్లి వచ్చాం. అక్కడ మావారు కారు ఒక్క నిమిషం ఆపమన్నారు. నేను వద్దన్న ఆరు మెట్ల ఇల్లు ఆ వీధిలోనే ఉందట, ఇంటి నంబరు ఆయన రాసి పెట్టుకున్నారట. తాళం వేసి ఉంది. ఆయన దిగి, గోడ పట్టుకుని, ఎడమ కాలు ముందు, కుడి కాలు తర్వాత, ఒక్కొక్కటి ఎక్కారు. నేను రెండో మెట్టు దగ్గర చేయి అందించబోతే వద్దన్నారు. పైకి చేరి, ఊపిరి తీసుకుని నా వైపు తిరిగారు.

"ఆరు. ఎక్కగలరా అని నన్ను ఒక్కసారైనా అడిగావా?" అన్నారు.

ఆపరేషనైన పేషంట్లందరికీ, మెట్లు ఎక్కండి, కాలు వాడకపోతే బిగుసుకుపోతుంది అని ముప్ఫై ఏళ్ళు చెప్పినదాన్ని. ఇంట్లో మనిషిని మాత్రం అడగకుండానే లెక్క తేల్చేశాను. ఆ రోజంతా ఇంజినీరు మీద, శేషగిరి గారి మీద, చేపల మీద విసుక్కున్నాను. నాంచారమ్మ గారు ఎందుకు చెప్పలేదని కూడా విసుక్కున్నాను. ఇద్దరు మనుషుల్ని నేను అడగాల్సింది అడగలేదు. ఆ అయిదు వేలు పెట్టకపోతే, ఈపాటికి మోకాలి కోసం కొన్న ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు తోడుతూ ఉండేదాన్నేమో. చల్లపల్లి ఇంటి పరీక్ష ఇంకా కాలేదు. రత్నకుమార్ గారు వచ్చే నెల మొదటి శనివారం అన్నారు, ఎనిమిదిన్నరకే వస్తానని కూడా అన్నారు.

మీరూ పల్లెలో పాత ఇల్లు చూడటానికి వెళ్తుంటే నా మాట ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మంచి ఇంజినీరుని తీసుకెళ్ళండి, కానీ ఆయన పైపు చుట్ట విప్పకముందే పక్కింట్లో పెద్దావిడ దగ్గరికి వెళ్ళండి. ఈ ఇంటికి ఎన్ని మెట్లున్నాయో మీకే కనబడుతుంది. ఎన్ని ఉండేవో ఆవిణ్ణి అడగండి.