తెర మీద ఒకటికి ఒకటి

ఆ వర్క్‌షాపులో మిషన్లు బాగుచేసే ఆవిడను అందరూ పానాలమ్మ అనేవారు. జేబులో ఎప్పుడూ రెండు పానాలుండేవి. నోట్లో మూడోది ఉందని వెనకాల నవ్వుకునేవారు. ఇరవై రెండేళ్లుగా అక్కడే పని. ఆమె బిగించిన బోల్టును ఇంకొకరు పట్టి చూసేవారు కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, కాస్త ఎక్కువగానే తెలుసు.

ఆ ఉదయం కంప్యూటరుతో నడిచే మూడో నంబరు సీఎన్‌సీ మిల్లింగ్ మిషన్ దగ్గర ఉంది. రెండేళ్లుగా దాని మీద ఎక్కువగా అల్యూమినియమే కోస్తున్నారు. ఇప్పుడు దళసరి స్టీలు దిమ్మలు వచ్చాయి. స్టీలుకు వేగం కన్నా బలం ముఖ్యం. మోటారుకున్న పెద్ద పుల్లీ వల్ల మోటారు ఒక చుట్టు తిరిగితే, కట్టర్‌ను పట్టుకునే స్పిండిల్ రెండు చుట్లు తిరుగుతుంది. దాన్ని తీసి, స్పిండిల్ పుల్లీ అంతే ఉన్న పుల్లీ వేస్తే ఒకటికి ఒకటి.

మూత విప్పి, బెల్టు వదులు చేసి, పుల్లీ మార్చి, బొటనవేలితో నొక్కి బెల్టు బిగువు చూసుకునేసరికి గంటన్నర పట్టింది. ఇక మిగిలింది అంకె. ఏ పుల్లీ వేశారో మిషన్‌కు తెలీదు. లోపల రాసిపెట్టిన నిష్పత్తిని నమ్మి, స్పిండిల్ ఎంత వేగంతో తిరుగుతుందో లెక్కగట్టి తెర మీద చూపిస్తుంది. ‘ఒకటికి రెండు’ చెరిపి ‘ఒకటికి ఒకటి’ రాయాలని పానాలమ్మ ఆ పేజీ తెరిచింది.

అక్కడ ఒకటికి ఒకటి అనే ఉంది.

పేజీ తప్పిందేమోనని వెనక్కెళ్లి మళ్లీ తెరిచింది. అదే పేజీ. ఎవరైనా మార్చారా? ఆ పేజీ పాస్‌వర్డ్ ఆమెకొక్కదానికే తెలుసు. పక్కనే చివరిసారి మార్చిన తేదీ ఉంది. మిషన్ కొత్తగా వచ్చిన రోజుది, తొమ్మిదేళ్ల కిందటిది.

అంటే రెండేళ్ల కిందట పెద్ద పుల్లీ వేసినప్పుడు తను అంకె మార్చనేలేదు. మూడు వేల చుట్లు తిరగమంటే స్పిండిల్ ఆరు వేలు తిరిగింది. తెర మాత్రం మూడు వేలనే చూపించింది.

లేచి వెళ్లి రిజిస్టరు వెతికింది. తన దస్తూరీయే. ‘పుల్లీ మార్చాను. నిష్పత్తి రాశాను. సరిచూశాను.’ ఆ రోజు కంప్రెసర్ దగ్గర పైపు పగిలిందని కేకలు వేస్తే, వచ్చాక రాద్దాంలే అనుకుని, ముందుగానే సంతకం పెట్టి పరిగెత్తింది. వచ్చాక గుర్తే లేదు.

అప్పుడు ఆ మిషన్ నడిపింది ఆమె ఆడపడుచు. అల్యూమినియం పని బాగానే సాగింది. మధ్యలో స్టీలు పనొకటి అర్జెంటుగా వచ్చింది. ఆ వేగానికి పది రోజుల్లో తొమ్మిది కట్టర్లు మాడిపోయాయి.

“వదినా, దీని చప్పుడు మారింది, ఒక్కసారి వచ్చి చూడవా?” అని ఆ పిల్ల రెండుసార్లు అడిగింది.

“చప్పుడు సంగతి తర్వాత, ముందు నీ చెయ్యి సంగతి చూసుకో,” అంది పానాలమ్మ, అందరి ముందూ, కూర్చున్న చోటి నుంచి లేవకుండానే. సొంత వదినే ఆ మాటన్నాక సూపర్‌వైజరుకు వేరే విచారణ ఎందుకు? తప్పు ఆ పిల్లదేనని తేల్చేశాడు. ఆడపడుచు ఏప్రన్ మడిచి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. తర్వాత వచ్చినవాళ్లు స్టీలుకు వేగం సగానికి తిప్పి నడిపారు. “మూడో నంబరుకు దూకుడెక్కువ” అని జోకులేసుకున్నారు. పానాలమ్మ కూడా నవ్వింది.

రిజిస్టరు పట్టుకుని సూపర్‌వైజరు దగ్గరకెళ్లి అంతా చెప్పింది. ఆయన తలుపు దగ్గరకు వేశాడు. “మీరా? మీరు మర్చిపోవడమేంటమ్మా?” అని, గొంతు తగ్గించి, “ఎలాగూ అంకె ఇప్పుడు సరిపోయిందిగా. ఎవరికీ తెలీదు, వదిలేయండి,” అన్నాడు.

“నాకు తెలిసిపోయింది కదా సార్,” అంది.

మధ్యాహ్నం ఆడపడుచు పనిచేసే లాండ్రీకి వెళ్లింది. ఆవిరి మధ్య చొక్కా ఇస్త్రీ చేస్తున్న పిల్ల తలెత్తి కంగారుపడింది.

“ఏంటొదినా, ఈ వేళప్పుడు? అన్నయ్య బాగానే ఉన్నాడా?”

“మీ అన్నయ్యకేం, గుండ్రాయిలా ఉన్నాడు. తప్పు నాది.” ఏదీ దాచకుండా చెప్పింది.

ఆడపడుచు ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టి, స్విచ్ ఆపి, ప్లగ్గు కూడా పీకింది.

“మూడు వేలడిగితే ఆరు వేలా?”

“ఆరు వేలు.”

“మరి నా చెయ్యి?”

“నీ చేతికేం లేదు తల్లీ. ఎప్పుడూ లేదు.”

“మా ఇంట్లో గాజు గ్లాసు ఒక్కటైనా చూశావా ఈ రెండేళ్లలో? పట్టుకుంటే పగులుతుందేమోనని అన్నీ తీసేశాను. పాపాయికి గోళ్లు తియ్యాలన్నా ఆయన్నే పిలుస్తున్నాను.”

పానాలమ్మ ఆ ఇంటికి వారం వారం వెళ్లేది. స్టీలు గ్లాసులో కాఫీ తాగి వచ్చేది. “నన్ను క్షమించవే,” అంది.

“ఇక్కడ కాదు. ఎక్కడన్నావో అక్కడ చెప్పు.”

మర్నాడు టీ వేళ పద్నాలుగు మంది ముందు నిలబడి చెప్పింది. సంతకం సంగతీ, నవ్విన సంగతీ కూడా. తాగేవాళ్లు తాగడం ఆపారు. ఆడపడుచు భుజాన బ్యాగుతో మూడో నంబరు పక్కన నిలబడి వింది. సూపర్‌వైజరు వచ్చి, మళ్లీ పనిలో చేరమన్నాడు.

“ముందు కొలవండి,” అంది.

వేగం కొలిచే మీటరు పెట్టారు. తెర మీద మూడు వేలు, మీటరు మీదా మూడు వేలు. రెండింటినీ మార్చి మార్చి చూసి, “ఆలోచించి చెప్తాను,” అని వెళ్లిపోయింది.

మూడు వారాలకు వచ్చి చేరింది. వదినతో పని మాటలే తప్ప వేరే మాట లేదు. పానాలమ్మ అందుకు ఎవరి దగ్గరా గొణగలేదు. పుల్లీ మార్చినవాళ్లు తమ పనికి తామే సంతకం పెట్టుకోకూడదని, ఇంకొకరు వేగం కొలిచాకే పెట్టాలని పట్టుబట్టి రూలు మార్పించింది. మూడో నంబరుకు ఆ ఇంకొకరు ఆడపడుచే. ఆమె ప్రతిసారీ రెండుసార్లు కొలుస్తుంది. ఒకసారి పానాలమ్మ ఎదురుగా, ఇంకోసారి ఆమె అటు వెళ్లిపోయాక.