పళ్ళతో వినే అంబాదాస్

అశోక్ చౌక్‌లో ముప్ఫై ఏళ్ళు కరెంటు సాంచెల, అంటే మరమగ్గాల మోతలో తువ్వాళ్ళు నేసీ నేసీ అంబాదాస్ చెవులు పోయాయి. సొంత సాంచెని నిరుడే తుక్కు కింద అమ్మేశాడు. ఇప్పుడు పాత క్రోనోగ్రాఫ్‌లు పోగేస్తాడు. పక్కన బటన్ నొక్కితే ఇంకో ముల్లు పరిగెత్తే చేతిగడియారాలవి. అలాంటిదానితోనే ఒకప్పుడు సాంచె వేగం చూసేవాడు. కొనేముందు గడియారాన్ని అంగీ అంచుకు తుడిచి, ముందుపళ్ళ మధ్య పట్టి, కళ్ళు మూసుకుంటాడు. చూసేవాళ్ళు నవ్వితే నవ్వనీ. ఆయనకు మిగిలిన చప్పుడు ఆ పళ్ళలో టిక్‌టిక్ ఒక్కటే. ఈమధ్య అదీ సన్నగిల్లుతోంది.

మొన్న కొంతం చౌక్‌లో పాత గడియారాలమ్మే తుషార్ రెండు చూపించాడు. చక్కగా తిరుగుతున్న నల్లదాన్ని అంబాదాస్ కొరికి పట్టాడు. ఏమీ వినిపించలేదు. మొహం పాలిపోయింది. ముళ్ళు కదలని తెల్లదాన్ని కొరికాడు, ఇక వదల్లేదు.

"కాకా, అది ఖాళీ డబ్బా!" తుషార్ దాన్ని లాక్కుని వెనక మూత విప్పాడు. లోపల మిషనే లేదు.

"గిదే గావాలె," అని అరిచాడు అంబాదాస్.

ఇంట్లో బీడీలు చుడుతున్న భార్య గోదావరి పకపకా నవ్వింది. "ఖాళీ డబ్బా కొన్నవా? పిచ్చి లేసిందా ఏంది?"

ఆయన దాన్ని ఆమె నోటిదగ్గర పెట్టాడు. ఎగతాళిగానే కొరికింది. నవ్వు ఆగిపోయింది.

"ఏందయ్యా, గిది మన సాంచె సప్పుడు గదా?"

అంబాదాస్ ఆమె పెదాలు చూసి తలూపి, చెయ్యి చాపాడు. గోదావరి దాన్ని మళ్ళీ పళ్ళమధ్య పెట్టుకుంది. తిరిగివ్వలేదు.